జీబీలు కాదు, ట్యూనర్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మా ఇంట్లో సీరియల్, క్రికెట్ ఒకే వేళకు వస్తాయి. రికార్డింగ్ సెట్‌టాప్ బాక్స్ తీసుకోవాలనుకుంటున్నాం. డిస్క్ 500 జీబీ చాలా, 1 టీబీ కావాలా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు చూడాల్సింది డిస్క్ సైజు కాదండీ, ట్యూనర్ల (ఛానెల్‌ను అందుకునే భాగాల) సంఖ్య. ఒకే ట్యూనర్ ఉన్న బాక్సుకు పెన్‌డ్రైవ్ తగిలించి రికార్డు చేస్తే, ఆ సేపు సాధారణంగా ఆ ఛానెలే చూడాలి. మీ తగువు తీరదు. రెండు ట్యూనర్లుంటే మ్యాచ్ చూస్తూనే సీరియల్ దాచుకోవచ్చు. అందుకు డిష్ నుంచి బాక్సుకు సాధారణంగా రెండు కేబుళ్లు అవసరమవుతాయి, బిగించేటప్పుడే అడగండి. ఇక జాగా సంగతి: సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ప్రసారం గంటకు 3.6 జీబీ. అంటే 500 జీబీలో సుమారు 139 గంటలు పడుతుంది. చూసినవి చెరిపేసే ఇంటికి అది ధారాళం.

పెద్ద డిస్క్ ఉంటే పాత ఎపిసోడ్లు కలకాలం ఉంటాయి కదా అనవచ్చు. కానీ డీటీహెచ్ రికార్డింగులకు సాధారణంగా తాళం ఉంటుంది: వేరే బాక్సులోనో కంప్యూటర్లోనో తెరుచుకోవు. బాక్స్ చెడితే అవీ పోయినట్టే. సీరియళ్లు యాప్‌లో దొరుకుతుండగా రికార్డర్ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో నికరమైన బ్రాడ్‌బ్యాండ్ ఉంటే యాపే చౌక. మొబైల్ డేటా మీదే ఆధారపడితే, పెద్దవాళ్లకు రిమోటే అలవాటైతే, రికార్డరే మేలు. అయితే జోరువానకు సిగ్నల్ పోయినా, కరెంటు పోయినా రికార్డింగ్ ఆగుతుంది. రెండోదానికి ఇన్వర్టర్ ఉంది, మొదటిదానికి మందు లేదు.