గది అద్దె మిగిలితే ఇంకో ఊరు చూడొచ్చు

ఏడాదికి రెండుసార్లయినా పెట్టె సర్దుతాం మేము. ఒకటి తిరుపతికి, ఇంకోటి పిల్లల సెలవులకి. కూరగాయల బండి దగ్గర రెండు రూపాయలకి గీచి గీచి బేరమాడే మా ఆయన, లాడ్జి కౌంటరు ముందు నిలబడితే మాత్రం మొహమాటంతో అడిగినంతా ఇచ్చేస్తారు. అందుకే ఆ పని నేను పుచ్చుకున్నాను. నా లెక్క ఒక్కటే: ఆ గదిలో మనం నిజంగా ఎన్ని గంటలుంటాం?

1. అద్దె ఎంతని అడిగేలోపే "చెకవుట్ ఎన్నింటికి?" అని అడగండి. కొన్నిచోట్ల మనం దిగిన గంట నుంచి 24 గంటలు ఇస్తారు, కొన్నిచోట్ల ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12 కొట్టగానే రోజు అయిపోయినట్టే. ఓ పుణ్యక్షేత్రంలో తెల్లవారుజామున నాలుగున్నరకి దిగి, దర్శనం చేసుకుని ఒంటిగంటకి తిరిగొస్తే రెండు రోజుల బిల్లు చేతిలో పెట్టారు. పొద్దున స్నానం చేసిన తువ్వాళ్లు కుర్చీ మీద ఇంకా తడారనే లేదు!

2. తెల్లారగట్ల రైలు దిగేవాళ్లు స్టేషన్లోనే రిటైరింగ్ రూమ్ తీసుకోండి. టికెట్ కన్ఫర్మ్ అయినా, ఆర్‌ఏసీలో ఉన్నా, పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు. 12 గంటలకి కూడా ఇస్తారు కాబట్టి రోజంతటికీ కట్టక్కర్లేదు, ఆటో ఖర్చూ ఉండదు.

3. మగపిల్లాడు పరీక్షకో ఇంటర్వ్యూకో ఒక్కడే వెళ్తుంటే గది దండగ. పెద్ద స్టేషన్లలో డార్మిటరీ ఉంటుంది, ఒక్క మంచానికి కడితే చాలు.

4. ఉదయం దిగి రాత్రికే తిరుగు రైలెక్కేలా ఉంటే అసలు గదే వద్దు. సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టేయండి. టికెట్ చూపించాలి, ప్రతి పెట్టెకీ తాళం ఉండాలి. తాళం మర్చిపోతే స్టేషన్ బయట షాపువాడు చెప్పిందే రేటు.

5. రాత్రి ప్రయాణం పెట్టుకుంటే ఒక రాత్రి అద్దె మిగిలినట్టే. కానీ నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్లతో ఈ పొదుపు చేయకండి. మర్నాడు వాళ్ల కోసం ఏసీ గది తీసుకుంటే మిగిలిందంతా అక్కడే పోతుంది.

6. తిరుమలలో 50, 100 రూపాయల గదులు ఇప్పటికీ ఉన్నాయి, బయట ఆ డబ్బుకి టిఫిన్ కూడా రాదు. దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. అందుకే పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ఓ కాగితం మీద రాసి ముందు పెట్టుకుని కూర్చోండి. నేను క్యాలెండర్ వెనకే రాసి ఉంచాను, ఏటా అదే పనికొస్తోంది.

7. ఆన్‌లైన్‌లో దొరక్కపోతే కంగారుపడి దళారీ చేతిలో పడకండి. కొండ మీద గదులు కేటాయించే సీఆర్‌ఓ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవచ్చు. అదీ కాకపోతే యాత్రికుల వసతి సముదాయాల్లో హాలూ ఉచితమే, లాకరూ ఉచితమే. ఒక దుప్పటి ఉంటే చాలు, సగం రాత్రి క్యూలోనే గడిచేటప్పుడు గదికి డబ్బు పోయడం ఎందుకు?

8. కొండ కింద బస చేయాలంటే బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉన్నాయి. రెండూ దేవస్థానం వాళ్లవే. ముందు అక్కడ అడిగి, లేదంటేనే ప్రైవేటు లాడ్జి వైపు నడవండి.

9. దేవస్థానం గదుల పేరుతో దొంగ సైట్లు బోలెడు. టీటీడీది అయితే చివర్లో "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" ఉండాలి. ఎవరో పంపిన క్యూఆర్ కోడ్‌కి మాత్రం పైసా కొట్టకండి.

10. సత్రాలు మర్చిపోయాం మనం! శ్రీశైలంలో దాదాపు ప్రతి కులానికీ ఓ సత్రం ఉంది. బయటివాళ్లకి ఇస్తారో లేదో, భోజనం ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మొహమాటం అక్కర్లేదు. కాశీలో అయితే శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం లాంటివి ఉన్నాయి. తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలని పెద్దవాళ్లు పట్టుబడితే హోటల్ బిల్లు తడిసి మోపెడవుతుంది. సత్రంలో ఆ భయం ఉండదు, పైగా తెలుగులో మాట్లాడి మన అన్నం తినొచ్చు.

11. హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్లేవాళ్లు వాచీ చూసుకోండి. నల్లమల అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. సాయంత్రం ఆరు లోపే కొండ దిగకపోతే ఇంకో రాత్రి అద్దె నెత్తిన పడ్డట్టే.

12. కార్తీక సోమవారాలు, శివరాత్రి, వరుస సెలవులు వదిలేసి వారం అటో ఇటో వెళ్లండి. దేవుడు అక్కడే ఉంటాడు, అద్దె దిగొస్తుంది.

13. పెళ్లి ముహూర్తాలున్న వారం పెద్ద ఊళ్లలో లాడ్జీలు పెళ్లివారితో నిండిపోతాయి, బేరానికి దిగరు. అదే ఆషాఢంలో, మూఢంలో అయితే గదులు ఖాళీ, మాటకి మాట తగ్గిస్తారు. మూఢంలో ప్రయాణమేమిటని మా అత్తగారు మొదట గొణిగారు, బిల్లు చూశాక ఊరుకున్నారు.

14. అరకు డిసెంబరు, జనవరిలో శని ఆదివారాలు వద్దే వద్దు. మంగళవారమో బుధవారమో హరిత హోటల్లో ముందే తీసుకోండి. లేదంటే వైజాగ్‌లో ఉన్న గదినే ఉంచుకుని, పొద్దున్నే కిరండూల్ రైలులో సొరంగాల అందం చూసుకుంటూ వెళ్లి, సాయంత్రం బస్సులో దిగండి.

15. యాప్‌లో రేటు చూశాక హోటల్‌కి నేరుగా ఓ ఫోన్ కొట్టండి. యాప్ వాళ్లకి కట్టే కమీషన్ మిగులుతుంది కాబట్టి చాలామంది తగ్గిస్తారు. తగ్గించకపోతే యాప్ ఎటూ ఉండనే ఉంది.

16. చెప్పిన రేటు "పన్ను కలిపా, కలపకుండానా?" అని తేల్చుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదికి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. బిల్లులో పాత లెక్క కనిపిస్తే అడగండి, సిగ్గుపడాల్సింది మనం కాదు.

17. ఆటో అతను "మంచి లాడ్జి చూపిస్తా అమ్మా" అంటే నవ్వి ఊరుకోండి. అతని కమీషన్ మన అద్దెలోనే కలుపుతారు.

18. అడ్వాన్స్ ఇచ్చే ముందు గదిలోకి వెళ్లి కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, వేడినీళ్లు ఏ టైంలో వస్తాయో అడగండి. తర్వాత గది మార్చమంటే ఎక్కువ రేటు గదే చూపిస్తారు.

19. రెండు కుటుంబాలు కలిసి వెళ్తే రెండు గదులకి బదులు నాలుగు మంచాల గది ఒకటి అడిగి, పిల్లలకి అదనపు పరుపు వేయించుకోండి. ఇంటి నుంచి రెండు దుప్పట్లు తెచ్చుకుంటే వాటికి వేరే డబ్బు కట్టక్కర్లేదు.

20. "బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ" అంటే పొంగిపోకండి, అది లేని గది రేటు కూడా అడగండి. తెల్లారకముందే గుడికి బయల్దేరేవాళ్లకి తొమ్మిదింటి పూరీ ఎందుకు?

21. ఎలక్ట్రిక్ కెటిల్, ఇంట్లోనే పోపు వేసి వేయించిన ఉప్మా రవ్వ డబ్బా నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. సలసల మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే చాలు, పిల్లల టిఫిన్ అయిపోయినట్టే. గదిలో స్టవ్ మాత్రం వెలిగించకండి, ప్రమాదం, పైగా ఫైన్.

22. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ వెంట ఉండాలి, ఫోన్లో ఫొటో ఉంటే చాలనుకోకండి. కార్డు లేదని చవక గది చేజారితే అర్ధరాత్రి ఏది దొరికితే అదే గతి.

23. చుట్టాలింట్లో దిగితే ఖర్చు లేదనుకుంటాం. ఓసారి మా ఆడపడుచు వాళ్లింట్లో రెండు రాత్రులున్నాం. పళ్లు, స్వీట్లు, పిల్లల చేతిలో పెట్టిన డబ్బులు, వదినకి చీర అన్నీ కలిపితే ఏసీ గది అద్దె దాటింది. ప్రేమ కోసం వెళ్లండి, పొదుపు కోసమైతే లాడ్జే నయం.

24. ఖాళీ చేసేటప్పుడు తలుపు వెనక మేకు, ప్లగ్గు, దిండు కింద, బాత్రూమ్ అలమర వరసగా చూడండి. తాళం అప్పగించి డిపాజిట్ గురించి అడిగాకే గుమ్మం దాటండి. నేను చూడని రోజుల్లో మా ఇంట్లోవి ఇప్పటికి మూడు చార్జర్లు, మా మామగారి కళ్లజోడు లాడ్జీల పాలయ్యాయి.