పానా పట్టేముందు పెన్ను పట్టండి

నల్లగండ్లలో ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగినా రెండు రకాల కార్లు కనిపిస్తాయి. రోజూ గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ తిరిగొచ్చేవి ఒక రకం. కవరు కప్పుకుని, టైర్లలో గాలిపోయి, నేలకు అతుక్కుపోయినవి రెండో రకం. ఆ రెండో రకంలో నాన్నగారి అంబాసిడర్ ఉంటుంది, ముచ్చటపడి కొన్న ప్రీమియర్ పద్మిని ఉంటుంది. "శని ఆదివారాలు కూర్చుని బాగు చేసుకుంటా" అని తెచ్చుకున్నవే అన్నీ. విప్పారు. బిగించలేదు.

నా పద్మిని కూడా ఆ వరసలో చాలాకాలం ఉంది. ఒక ఆదివారం సాయంత్రం డ్యాష్‌బోర్డు విప్పి, వెనకున్న వైర్లన్నీ పీకాను. ఆరున్నరకు ఆఫీసు నుంచి ఫోను, ప్రొడక్షన్ డౌన్ అని. చేతులు కిరోసిన్‌తో కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నవాణ్ణి మళ్లీ కారు దగ్గరికి వెళ్లేసరికి నలభై రోజులైంది. ఎర్రదీ పచ్చదీ నీలందీ అన్నీ వెలిసిపోయి ఒకే మట్టిరంగులో వేలాడుతున్నాయి. ఏది హారన్‌దో, ఏది వైపర్‌దో! ఎలక్ట్రీషియన్ వచ్చాడు, వైర్లను చూశాడు, నన్ను చూశాడు, "మొత్తం కొత్తది గుంజుదాం సార్" అన్నాడు.

అదే వరసలో నాలుగు బండ్ల అవతల ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. దాని యజమాని ఎయిర్‌లైన్ పైలట్. నెలలో సగం రోజులు ఊళ్లోనే ఉండరు. అయినా ఆయన బండి నెలనెలా ఒక మెట్టు ఎక్కుతూనే ఉంది. తీరిక నాకే ఎక్కువ, పనిముట్లు నావే ఖరీదైనవి. మరి ఎక్కడుంది తేడా? ఆయన బానెట్ మీద పెట్టుకునే రెండు వందల పేజీల రూళ్ల పుస్తకంలో.

ఉద్యోగం ఇవ్వనిదేదో చూసుకోండి

"విమానం నడిపేవాళ్లు మళ్లీ ఇంటికొచ్చి ఇంజిన్లతోనే కుస్తీ పట్టడమేంటండీ?" అని ఒకసారి అడిగాను.

"విమానంలో నేను పానా ముట్టుకోకూడదండీ," అన్నారాయన. "ఏదైనా తేడాగా అనిపిస్తే టెక్ లాగ్‌లో రాయాలి. విప్పేదీ బిగించేదీ సంతకం పెట్టేదీ ఇంజనీరు. ఇన్నేళ్లుగా రాయడమే నా పని. ఇక్కడైతే విప్పచ్చు."

కొత్త అలవాటు ఎంచుకునే ఏ ఉద్యోగికైనా ఇది పనికొచ్చే కొలబద్ద. రోజంతా మీటింగుల్లో మాట్లాడేవారికి మాటలక్కర్లేని పని కావాలి. రాసిన కోడు ఎక్కడ నడుస్తుందో కంటితో చూడలేనివారికి చేతికి బరువు తెలిసే వస్తువు కావాలి. ఆఫీసులో దొరికేదే ఇంట్లోనూ చేస్తే అది రెండో షిఫ్టు అవుతుంది. పాత కారు అందరికీ నప్పదు. రోజంతా గొడవలు సర్దే ఉద్యోగమైతే, తుప్పు పట్టిన బోల్టుతో ఇంకో గొడవ మీకు అక్కర్లేకపోవచ్చు.

చార్జి అప్పగించండి

ఉద్యోగం నుంచి ఇంటికి తెచ్చుకోదగ్గది ఒకటుంది. ఆ రూళ్ల పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "వెనక ఎడమ చక్రం. డ్రమ్ము విప్పాను. పొడుగు స్ప్రింగు పైన, పొట్టిది కింద. వీల్ సిలిండర్ కారుతోంది, కొత్తది కావాలి. చక్రం నట్లు చేత్తో మాత్రమే తిప్పి ఉన్నాయి, పానా వేయలేదు." స్టీరింగుకు ఎర్ర గుడ్డపీలిక ఒకటి కట్టి ఉంది. ఆగివున్న విమానాలకు తగిలించే ఎర్ర రిబ్బన్లకు అది తమ్ముడు. పని సగంలో ఉంది, కదిలించవద్దని అర్థం.

టెక్ లాగ్‌లో పైలట్ రాసేది మరో మనిషి కోసం. ఇక్కడ ఆ మరో మనిషి ఎవరు? రెండు వారాల తర్వాత వచ్చే తానే. మనం బోల్తా పడేది ఇక్కడే. ఇవాళ విప్పిన చేతులకు అంతా గుర్తుంటుంది కాబట్టి, ఎప్పుడు బిగించినా గుర్తుంటుందనుకుంటాం. పదిహేను రోజుల తర్వాత వచ్చేవాడు కొత్తగా డ్యూటీ ఎక్కిన మనిషి. వాడికి చార్జి అప్పగించాలి.

పద్ధతి కష్టమైనదేం కాదు. పని ఆపే సమయానికి ఇరవై నిమిషాల ముందు పానా కింద పెట్టండి. విప్పిన ప్రతి భాగాన్నీ జిప్ కవర్లో వేసి, పేరూ తేదీ రాసిన చీటీ లోపలే పెట్టండి. వైరు పీకేముందు రెండు కొసలకూ ఒకే అంకె వేసిన టేపు చుట్టండి. ఫొటో తీయండి, కానీ ఫొటోను ఒక్కదాన్నే నమ్మకండి. స్ప్రింగు ఎటు తిరిగి ఉందో ఫొటో చెబుతుంది, ఎందుకు విప్పారో చెప్పదు. చివరగా మూడు ముక్కలు: ఏం చేశాను, ఏది సగంలో ఉంది, వచ్చేసారి మొదట ముట్టుకోవాల్సింది ఏది. ఆ మూడోది రాసి ఉంటే తర్వాతి ఆదివారం తొలి గంట ఆలోచనకు పోదు, పనికే దక్కుతుంది.

డ్యూటీ ముందు, కారు తర్వాత

విమానం ఎక్కడానికి ముందు 12 గంటల్లో పైలట్ మద్యం ముట్టకూడదని డీజీసీఏ నియమం. ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదు, రెండు డ్యూటీల మధ్య విశ్రాంతి తప్పనిసరి. ఆ విశ్రాంతి గంటల్ని కారుకు ఖర్చు చేస్తే విశ్రాంతి పేరు కాగితం మీదే మిగులుతుంది. అందుకే మా పక్కాయన పొద్దున ఫ్లైటుంటే ముందురోజు సెల్లార్‌లోకే దిగరు.

మనకు అలాంటి నియమం ఎవరూ రాసిపెట్టరు. మనమే రాసుకోవాలి. ఆన్‌కాల్ వారంలో కొత్త భాగం విప్పవద్దు. తుడవడం, చీటీలు సర్దడం, సామాను జాబితా రాసుకోవడం చాలు. రాత్రి తొమ్మిది దాటాక బిగించే పని వద్దు, అలసిన చెయ్యి బోల్టు మరలు చెరిపేస్తుంది. ఇంకొకటి: ఆఫీసు నుంచి క్రమశిక్షణ తెచ్చుకోండి గానీ డెడ్‌లైను తేవద్దు. "దసరాకి రోడ్డెక్కాలి" అనుకున్న బండికి రంగు ముందు పడుతుంది, బ్రేకులు తర్వాత పడతాయి.

మొదటి బండి

మొదటిసారికి అపురూపమైన బండి కాదు, సామాను దొరికే బండి కావాలి. 1983 చివర్లో వచ్చిన మారుతి 800, 2014 దాకా ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, కుర్లాలో తయారైన పద్మిని. ఈ మూడూ లక్షల్లో తిరిగినవి కాబట్టి తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. 1960లలో మద్రాసులో తయారైన హెరాల్డ్ అందమైనదే, బానెట్ మొత్తం రెక్కలతో సహా ముందుకు లేస్తే ఇంజిన్ పళ్లెంలో పెట్టినట్టుంటుంది. కానీ దాని విడిభాగాల కోసం చెన్నై పుదుపేట దాకా వెతుక్కోవాలి.

కొనేముందు ఒక చిన్న సంగతి. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ బిడ్డ, దానికి ఇంచి పానాలు కావాలి. పద్మిని ఇటలీ ఫియట్ బిడ్డ, దానికి ఎంఎం పానాలు. ఒకదాని పానా ఇంకోదానికి "సుమారుగా" పడుతుంది. ఆ సుమారుతోనే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి.

నల్లగండ్లకు ఒక అదృష్టం ఉంది. ఒక పక్క బీహెచ్ఈఎల్, కాస్త అవతల పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఇంకోవైపు బాలానగర్. దొరకని బుష్షు, అరిగిన షాఫ్టు లేత్ మీద తీయించుకునే వీలు ఇంత దగ్గర్లో ఉండటం మామూలు విషయం కాదు. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బోల్టుల కోసం రాణిగంజ్ ఎలాగూ ఉంది. పాత ముక్కను చేతిలో పట్టుకునే వెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే కొలత తేలదు.

సెల్లార్ మీ ఒక్కరిది కాదు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చిన్న పనులే చేయండి, అదీ అసోసియేషన్‌కు రాతపూర్వకంగా చెప్పి. పెట్రోలు తీయడం, వెల్డింగు, రంగు కొట్టడం అక్కడ వద్దే వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేల వెంట పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వను వెతుక్కుంటుంది. ఇలాంటి పనులకు తెల్లాపూర్, గోపన్‌పల్లి వైపు గాలాడే షెడ్డు నెలకో రెండు నెలలకో అద్దెకు తీసుకోవడం మేలు.

జాక్ ఎత్తడానికే గానీ మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి దూరకండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. కళ్లద్దాలు తప్పనిసరి. పైలట్‌కు కంటిచూపే లైసెన్సు, మెడికల్ తప్పితే జీతం ఆగుతుంది. మీ కళ్లకూ అంతే విలువ ఇవ్వండి.

ఖర్చు వరస

కారు కొన్న ధర మొదటి వాయిదా మాత్రమే. ఆపేవి ముందు, కదిలించేవి తర్వాత, మెరిపించేవి ఆఖరున. అంటే బ్రేకులు, స్టీరింగు, టైర్లు, ఆ తర్వాత వైరింగు, పెట్రోలు పైపులు, రేడియేటరు, అటుపైన ఇంజిన్, డెంటింగ్, పెయింటింగ్ చిట్టచివర. రంగేశాక ఇంజిన్ దింపితే రంగుకు మళ్లీ డబ్బు పెట్టాలి.

పెట్రోలు పైపుల మాట ఇప్పుడు మరీ ముఖ్యం. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు అందులో ఉబ్బి, మెత్తబడి, చివరికి కారుతుంది. పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ సీళ్లు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించండి.

కాగితాలు

అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్సీలో ఉన్న చాసిస్, ఇంజిన్ నంబర్లను లోహం మీద చెక్కిన నంబర్లతో పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే బండి ఎంత ముద్దొచ్చినా వెనక్కి తిరగండి. మామూలు ఆర్సీకి 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి పునరుద్ధరణ ఉంటుంది.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నమోదు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తర్వాత పునర్నమోదుకు 5,000. నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది. 1974లో పద్మిని పేరు పెట్టుకున్న తొలి బండ్లు ఇప్పుడిప్పుడే ఆ గీత దాటుతున్నాయి. అయితే మెలిక ఒకటుంది. వింటేజ్ నంబరు వేశాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. శుక్రవారం ఆఫీసుకు వేసుకెళ్లాలనుంటే మామూలు ఆర్సీయే నిలుపుకోండి. డీజిల్ ఇంజిన్ వేస్తే మైలేజీ వస్తుందని ఎవరైనా అంటే, దాంతో వింటేజ్ అర్హత పోతుందని గుర్తుంచుకోండి.

ఉస్తాదు

పాతబస్తీలో మెకానిక్కును ఉస్తాద్ అనడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. మా ఉస్తాదు స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వాల్వు చప్పుడు వింటాడు. నేను తొందరపడితే, "జల్ది ఏమున్నది సార్, బండి ఏడికి పోతది?" అంటాడు. ఆయన ముందు యూట్యూబ్ తెరవకండి. పక్కన నిలబడి చూసినందుకు కూడా కూలి ఇవ్వండి, ఆ రోజు ఆయన పని సగమే సాగుతుంది.

బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఒకసారి చూసి రండి. బడి వయసులోనే పాత సామానుతో మొదలుపెట్టిన కె. సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్‌కు ఎక్కారు. 2010లో ఆ మ్యూజియం తెరిచారు. చౌమహల్లాలో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు కూడా కాసేపు నిలబడండి. ఆ కంపెనీ పేరులో సగమైన చార్లెస్ రోల్స్ కారు మనిషే కాదు, విమానం మనిషి కూడా. 1910 జూన్‌లో ఇంగ్లిష్ చానల్‌ను ఎక్కడా దిగకుండా అటూ ఇటూ దాటాడు. మరుసటి నెలలోనే విమానం తోక విరిగి 32 ఏళ్లకే పోయాడు. యంత్రం మీద ప్రేమ ఒక్కటే మనిషిని కాపాడదు.

ఆఫీసుకు చెప్పాల్సింది

ఒక కారు బాగుచేసి నడుపుకుంటే అది అలవాటు. రెండోది బాగుచేసి అమ్మితే అది రాబడి. అప్పుడు మీ నియామక పత్రంలో రెండో ఉద్యోగం గురించి ఏముందో చదివి, హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి. వీడియోలు పెడితే కంపెనీ ఐడీ కార్డు, టీషర్టు కనబడనివ్వకండి.

ముందు మిక్సీ

ఇంతా చదివి బండి వెతకబోయేముందు ఒక పరీక్ష. అటక మీది పాత మిక్సీ దింపండి. ఈ ఆదివారం పూర్తిగా విప్పి, చీటీలు రాసి, కవర్లలో వేసి, డబ్బాకు ఎర్ర పీలిక కట్టండి. పదిహేను రోజులు ముట్టుకోవద్దు. ఆ తర్వాత మీ రాత ఒక్కటే చూసుకుని బిగించండి.

మిక్సీ తిరిగితే కారు వెతుక్కోండి. ఒక స్క్రూ మిగిలితే, ఇంకో పుస్తకం కొనండి.