ఆ కుర్చీకి దారేది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. రాకెట్లు, క్షిపణులు తయారుచేసే కంపెనీకి అధిపతి కావాలంటాడు. ఏం చదవాలండీ?
– ఓ తండ్రి, కాట్రేనికోన

జవాబు: నేరుగా ఆ కుర్చీ ఎక్కించే కోర్సేదీ లేదండీ. ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ప్రభుత్వ సంస్థ. 1970లో హైదరాబాద్‌లో నెలకొల్పిన భారత్ డైనమిక్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో అధిపతిని సీఎండీ అంటారు. ఏళ్లపాటు పనిచేసి పైస్థాయికి ఎదిగినవారిని ప్రభుత్వ రంగ సంస్థల ఎంపిక మండలి ఇంటర్వ్యూ చేసి సిఫార్సు చేస్తుంది. తుది ఆమోదం కేంద్రానిది.

రెండోది సొంత కంపెనీ. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి, ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, 2018లో నాగ భరత్ డాకాతో కలిసి హైదరాబాద్‌లో స్కైరూట్ స్థాపించి సీఈఓ అయ్యారు. 2022 నవంబరు 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్ నింగికెగిరింది.

ముందు లెక్కలు, భౌతికశాస్త్రం మీద గట్టి పట్టు సాధించమనండి.