విషం లోపలికి వెళ్తే: మొదటి గంటలో ఏం చేయాలి? ఆరోగ్యశ్రీ ఎలా అందుతుంది?

(తెలంగాణ ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాల కోసం. మీ వాట్సాప్ గ్రూపుల్లో పంపండి.)

పురుగుల మందు, గడ్డి మందు, ఎలుకల మందు, తలకు వేసే రంగు, బాత్రూమ్ యాసిడ్, ఎక్కువగా మింగిన మాత్రలు... ఏదైనా సరే, మనిషి బాగానే కనిపిస్తున్నాడని ఇంట్లో ఉంచొద్దు. కొన్ని విషాలు మొదటి రోజు ఏమీ చూపించవు. లోపల మాత్రం పని చేస్తూనే ఉంటాయి.

వెంటనే చేయాల్సినవి

1. 108కి ఫోన్ చేయండి. ఏం తాగారో, ఎప్పుడు తాగారో, ఊరు ఎక్కడో చెప్పండి. అంబులెన్స్ ఆలస్యమయ్యేట్టు ఉంటే దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.
2. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోదు.
3. మందు ఒంటి మీద, బట్టల మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో ఎక్కువ నీళ్లు పోసి కడగండి. కడిగేవాళ్లు చేతులకు గ్లౌజులు గానీ ప్లాస్టిక్ కవర్లు గానీ వేసుకోవాలి. పొలంలో మందు కొడుతూ పడిపోయిన వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.
4. డబ్బా, సీసా, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. లేబుల్ చూస్తే డాక్టర్‌కు సగం పని తేలికవుతుంది.
5. ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. విషం తాగిన వాళ్లకు నోటితో ఊదొద్దు.

చేయకూడనివి

ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, పేడ నీళ్లు, చింతపండు రసం తాగించొద్దు. గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. యాసిడ్ అయితే పైకి వచ్చేటప్పుడు గొంతును మళ్లీ కాలుస్తుంది. కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపు కడగాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది?

*మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుల మందులు:* నోట్లో నురగ, చెమటలు, కంటిపాపలు సూదిమొనలా చిన్నవి కావడం గుర్తులు. అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. దాంతో నోరు ఎండుతుంది, ఒక్కోసారి పేషెంట్ ఏదేదో మాట్లాడతాడు. భయపడొద్దు, సిస్టర్‌కు చెప్పండి. 1 నుంచి 4 రోజుల మధ్య మెడ నిలపలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం రావచ్చు. అందుకే "తేరుకున్నాడు కదా, ఇంటికి పంపండి" అని డాక్టర్ మీద ఒత్తిడి తేవొద్దు.

*పారాక్వాట్ గడ్డి మందు:* దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మొదట్లో మనిషి మామూలుగానే మాట్లాడతాడు. తర్వాత నోట్లో పుండ్లు పడి, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు ఇంకా నష్టం. "ఆక్సిజన్ ఎందుకు పెట్టట్లేదు" అని గొడవపడే ముందు కారణం అడగండి.

*పారాసెటమాల్ మాత్రలు:* మొదటి రోజు కాస్త వాంతులే ఉండొచ్చు. 2, 3 రోజుల్లో లివర్ పాడవుతుంది. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా తీసుకెళ్లాల్సిందే.

*ఎలుకల పేస్టు:* పచ్చ భాస్వరం ఉన్న పేస్టు కూడా కొన్ని రోజుల తర్వాతే లివర్‌ను దెబ్బతీస్తుంది.

*తలరంగు:* గొంతు, మెడ వాచి ఊపిరి ఆగొచ్చు. తర్వాత కిడ్నీలకు ముప్పు. నిమిషం కూడా ఆగొద్దు.

ఖర్చు సంగతి

ముందు దగ్గరి ఆసుపత్రి, తర్వాతే కార్డు. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స ఉచితం. విషం వల్ల వెంటిలేటర్ అవసరమైన చికిత్స రాజీవ్ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరితే ఆరోగ్యమిత్రను కలవండి, మీ కేసు ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో అడగండి. అత్యవసరమైతే ఆసుపత్రి వాళ్లు ఫోన్ ద్వారానే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షల రూపాయలు. సందేహాలకు 104.

పోలీసు కేసు అవుతుందా?

ఈ భయంతోనే చాలామంది దాచిపెట్టి ఆలస్యం చేస్తారు. ఆసుపత్రి వాళ్లు ఎంఎల్‌సీ రాయడం మామూలే, అది చికిత్సకు అడ్డు కాదు. ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం అంటోంది. పాత ఐపీసీ 309 సెక్షన్ కొత్త భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి డాక్టర్‌కు నిజం చెప్పండి. "ఏదో పడక కడుపునొప్పి" అంటే ఇవ్వాల్సిన విరుగుడు ఇవ్వలేరు.

ఇంటికి వచ్చాక

"ఇంత పని చేస్తావా" అని తిట్టొద్దు. కొన్ని రోజులు ఒంటరిగా వదలొద్దు. పొలం మందులను తాళం వేసిన పెట్టెలో పెట్టండి, కూల్‌డ్రింక్ సీసాల్లో ఎప్పుడూ పోయొద్దు, పిల్లలు నీళ్లనుకొని తాగుతారు. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి: అంబులెన్స్ 108 | ఆరోగ్య సలహా 104 | టెలీ మానస్ 14416