ఓడను బండి మీదికెక్కించే ముందు

ప్రశ్న: మాది పెనుగొండండి. చెరువుల పని చూసుకుంటాను. రెండు తలుపుల మినీ కూపర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఈమధ్య పదడుగుల ప్లాస్టిక్ కయాక్ కూడా తెప్పించుకున్నాను, 22 కిలోలుంది. ఆదివారాలు సిద్ధాంతం రేవుకి, వీలైతే నరసాపురం దాకా తీసుకెళ్లాలని కోరిక. కారు టాపు మీద దుప్పటి పరిచి, పైన కయాక్ పెట్టి, తలుపుల్లోంచి తాడు తిప్పి కట్టేస్తే చాలంటున్నారు స్నేహితులు. సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. ముఖ్యంగా మీ కారుకి అసలు సరిపోదు.

నాలుగు తలుపుల కారైతే ముందు తలుపుల్లోంచి ఒక పట్టీ, వెనక తలుపుల్లోంచి ఇంకొకటి పోతుంది. రెండింటికీ మధ్య కాస్త ఎడం దొరుకుతుంది. మీ కారులో రెండు పట్టీలూ ఒకే తలుపులోంచి పోవాలి. అంటే పదడుగుల కయాక్‌ని నడుం దగ్గర మాత్రమే పట్టుకున్నట్టు. కావిడి మోసేవాళ్లని చూసే ఉంటారు. బద్ద మధ్యలో భుజం మీద ఆనుతుంది, రెండు కొసలూ అడుగడుక్కీ ఊగుతాయి. గాలిలో మీ కయాక్ పని అదే అవుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ కారు తలుపులకి అద్దం చుట్టూ చట్రం ఉండదు. తలుపు తీయగానే అద్దం కొంచెం దిగుతుంది, వేయగానే పైకెక్కి రబ్బరుకి అతుక్కుంటుంది. మధ్యలో పట్టీ అడ్డం వస్తే అతుక్కోదు. వాన పడితే నీళ్లు ఆ పట్టీ వెంటే కారి సీట్లోకి దిగుతాయి.

కాబట్టి మీకు కావలసింది మీ మోడల్‌కే చేసిన క్యారియర్. అడ్డంగా రెండు కడ్డీలు, వాటిని కారుకి బిగించే నాలుగు కాళ్లు ఉంటాయి. కొనేముందు టాపు ఇనుముదా, అద్దందా చూసుకోండి. తర్వాత కారుతో వచ్చే పుస్తకంలో టాపు మీద ఎంత బరువు పెట్టవచ్చో చదవండి. ఆ అంకెలో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. క్యారియర్ ఆరేడు కిలోలనుకున్నా మీ మొత్తం బరువు ముప్పై దాటదు. బరువు దగ్గర మీకు పేచీ రాకపోవచ్చు.

పేచీ అంతా గాలితోనే. వేగం రెట్టింపైతే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పెనుగొండ వీధుల్లో 40లో వెళ్తున్నప్పుడు బుద్ధిగా కూర్చున్న కయాక్, హైవే మీద 80కి వెళ్లేసరికి నాలుగింతల బలంతో లేవాలని చూస్తుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి మీద వంతెన ఎక్కితే ఇది మరీ తెలుస్తుంది. గట్టు దిగువన కొబ్బరిచెట్ల చాటు ఉంటుంది, నది మీద ఆ చాటు ఉండదు. పక్క నుంచి ఏటిగాలి కొడుతుండగా ఎదురుగా పెద్ద కంటైనర్ దూసుకొస్తే, తేలికైన చిన్న కారు స్టీరింగు చేతిలోనే కదులుతుంది. కయాక్ పైన ఉన్నంతసేపూ 60 దాటకండి.

ఇక కట్టడం గురించి. కయాక్‌ని బోర్లా పెట్టండి. వెల్లకిలా పెడితే దారిలో వాన పడినప్పుడు లోపల నీళ్లు నిలుస్తాయి. పది లీటర్లు నిలిచాయంటే పది కిలోలు పెరిగినట్టే. రెండు వెడల్పాటి పట్టీలు తీసుకోండి. లారీల మీద వాడే రాచెట్ బెల్టు వద్దు. దాని మీట తిప్పుతుంటే ఎంత బిగిస్తున్నామో చేతికి తెలియదు, ప్లాస్టిక్ సొట్టపడుతుంది. మన ఎండలకి మెత్తబడిన ప్లాస్టిక్ అయితే ఆ సొట్ట అలాగే ఉండిపోతుంది. చేత్తో లాగితే బిగిసి, నొక్కితే వదిలే బకిల్ ఉన్న పట్టీ మేలు. పట్టీ కయాక్ మీదుగా వెళ్లి, కడ్డీ కింద నుంచి తిరిగి, మళ్లీ మీదుగా రావాలి. కడ్డీకి బయటి కొసన కాదు, కయాక్‌ని ఆనుకునే కిందికి దిగాలి. పట్టీని ఒక మెలిక వేసి కడితే గాలికి బుర్రుమని మోగదు.

ఈ రెండు పట్టీలతో పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. ముందు కొసకొకటి, వెనక కొసకొకటి తాళ్లు కట్టాలి. చిన్న కారుకి రెండు కడ్డీల మధ్య దూరం తక్కువ గనక ఈ తాళ్లు తప్పనిసరి. కారు చెడిపోతే లాగడానికి బంపరులో మరబిగించే కొక్కెం ఒకటి టూల్ కిట్‌లో ఉంటుంది, తాడు దానికి కట్టండి. నైలాన్ తాడు వద్దు, తడిస్తే సాగుతుంది. పాలిస్టర్ తాడు సాగదు. మన ఊళ్లలో దేన్నయినా పాత సైకిల్ ట్యూబు చీల్చి కట్టేస్తాం. మోపెడ్ మీద గడ్డిమోపుకి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇక్కడ పనికిరాదు. సాగే గుణమున్నది ఏదైనా గాలికి లొంగిపోతుంది. ట్యూబు ముక్కల్ని కడ్డీల మీద మెత్త కోసం చుట్టుకోండి, దానికి మాత్రం అంతకంటే మంచిది లేదు. ముందు తాడు మిగులు కొసని వేలాడనివ్వకండి. అది జారి చక్రం కిందికి వెళ్తే కయాక్ ముక్కుని ఒక్క గుంజుతో విరిచేస్తుంది.

కట్టాక కయాక్‌ని పట్టుకుని ఊపండి. కారంతా దానితోపాటు ఊగాలి. కయాక్ ఒక్కటే కదిలిందా, విప్పి మళ్లీ కట్టండి. బయల్దేరిన నాలుగైదు కిలోమీటర్లకి ఒకసారి ఆపి పట్టీలు చూడండి. మొదటి కుదుపులకి అన్నీ సర్దుకుని కొంచెం వదులవుతాయి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట తణుకు నుంచి వస్తూ కారు టాపు మీద పరుపు కట్టుకొచ్చాను. కట్టింది నేనే, కొబ్బరితాడుతో. దారిలో అది లేచిపోయింది. వెనక స్కూటర్ మీద ఒకాయన, ఆయన ముందు నిలబడి ఐదారేళ్ల పాప. ఆయన బ్రేకు వేసి, పక్క కాలువగట్టు మీదికి బండి దింపి ఆపగలిగాడు. పాపకి ఏమీ కాలేదు. నన్ను ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పాపని ఎత్తుకుని రోడ్డు పక్కన అలా నిలబడి ఉండిపోయాడు. మన దారుల్లో మన వెనక వచ్చేవి కార్లు కాదండి. స్కూటర్లు, సైకిళ్లు, బడిపిల్లలు. ముడి వేసేటప్పుడు కయాక్‌ని తలుచుకోకండి, వాళ్లని తలుచుకోండి.

మీ కారులో ఒక సుఖం కూడా ఉంది. టాపు ఎత్తు తక్కువ. పెద్ద బండ్ల మీదికి ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన కయాక్‌ని మీరు ఒక్కరే ఎక్కించుకోవచ్చు. వెనక అద్దం మీద మందపాటి దుప్పటి వేసి, ఒక కొస దానిమీద ఆనించి, రెండో కొస ఎత్తి ముందుకి తోయడమే.

ప్రశ్న: మా తమ్ముడు కూడా ఇలాగే కారు మీద పడవ కట్టుకు తిరుగుతున్నాడు. పోలీసులు ఆపితే ఇబ్బందేమీ ఉండదా? - ఒక అక్క, మార్టేరు

జవాబు: ఎలా కట్టాడన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194(1ఎ) అనే సెక్షన్ చేరింది. బండి మీది సరుకు పక్కలకి గానీ, ముందుకి గానీ, వెనక్కి గానీ, ఎత్తులో గానీ అనుమతించిన హద్దు దాటి పొడుచుకొస్తే జరిమానా 20,000 రూపాయలు. సరుకు దింపించే ఖర్చు దానికి అదనం.

అందుకే కారుకంటే పొట్టి కయాక్ కొనుక్కోమంటాను. మినీ కూపర్ లాంటి కారు మూడు మీటర్ల ఎనభై సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. పదడుగుల కయాక్ అంటే మూడు మీటర్ల చిల్లర. జాగ్రత్తగా మధ్యకి సర్దితే రెండు బంపర్ల లోపలే ఇమిడిపోతుంది. సముద్రం మీదికి వెళ్లే పదహారు పదిహేడడుగుల కయాక్‌లు ఐదు మీటర్లుంటాయి. అవి ఈ కార్లకి తగినవి కావు, ఎంత బాగా కట్టినా సరే. అలాగే టాపుకి కడ్డీలు వెల్డింగ్ చేయిస్తానంటే ఒప్పుకోవద్దు. బండి అసలు రూపాన్ని మార్చడం అదే చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. విప్పి లోపల పెట్టుకోగల క్యారియరే కొనమనండి.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడండి. రెండే సీట్లున్న మాజ్దా మియాటా కొన్నాడు. పైకప్పు గుడ్డది, మడత పెట్టేస్తాడు. దానిమీద పడవ కట్టుకుని చెరువుకి వెళ్తానంటున్నాడు. ఫోన్లో చెప్తే నవ్వుతాడు. మీరు చెప్పండి. - ఒక తల్లి, పెనుగొండ

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. గుడ్డ టాపు వానని, ఎండని ఆపడానికి చేసింది. బరువు మోయడానికి కాదు. డిక్కీ మీద స్టాండు పెట్టి మోసేవాళ్లు కొందరున్నారు గానీ మీ అబ్బాయికి నేను ఆ సలహా ఇవ్వను. మియాటా డిక్కీ 130 లీటర్లు, అంటే ఒక పెద్ద సూట్‌కేసుకి కాస్త ఎక్కువ. మరి పడవ ఎక్కడ పెట్టాలి? పక్క సీట్లో.

నేను సరదాకి అనడం లేదు. గాలి ఊది వాడుకునే కయాక్‌లు వస్తున్నాయి. చుట్టేస్తే పెద్ద సంచీ అంత అవుతాయి. పది పన్నెండు కిలోల రకాలు బోలెడున్నాయి. పక్క సీట్లో పెట్టి సీటుబెల్టు తగిలించుకుంటే చాలు. చెరువు దగ్గర పంపుతో పది నిమిషాలు ఊదుకోవాలి. ఒక్క జాగ్రత్త చెప్పండి. నిండా ఊదిన కయాక్‌ని ఒడ్డున ఎండలో వదిలేయకూడదు. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి అతుకులు ఊడిపోతాయి. ఒడ్డుకి రాగానే కొంచెం గాలి తీసేయాలి.

మడత పడవకి వందేళ్లు దాటాయని చెబితే మీ అబ్బాయి వినొచ్చు. 1905లో ఆల్ఫ్రెడ్ హ్యూరిష్ అనే జర్మన్ విద్యార్థి కర్ర చట్రం మీద గుడ్డ తొడిగి, విడదీసి సంచుల్లో పెట్టుకునే కయాక్ తయారుచేశాడు. రోజెన్‌హైమ్ ఊళ్లో దర్జీ పని చేసే యోహాన్ క్లెపర్ దాన్ని తీసుకుని అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టాడు. జనం వాటిని సంచుల్లో వేసుకుని రైలెక్కి నదుల దగ్గరికి వెళ్లేవారు. అప్పుడూ చిక్కు ఇదే, పడవ పొడుగు, బండి చిన్నది. ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ అలాంటి మడత కయాక్‌లో 1932లో డాన్యూబ్ ఒడ్డున ఉల్మ్ నుంచి బయల్దేరి, మన దేశం తీరాల వెంబడి కూడా తెడ్డు వేసుకుంటూ పోయి, 1939లో ఆస్ట్రేలియా గడ్డ చేరాడు. సంచీలో పట్టే పడవ తక్కువదేమీ కాదు.

ప్రశ్న: మా తాతగారి తాటిదోనె ఇంకా ఉంది. దాన్ని కారు మీద తీసుకెళ్లొచ్చా? - కొల్లేరు వైపు నుంచి

జవాబు: వద్దండి. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఏ కారు టాపూ మోసేది కాదు. ఎండలో ప్రయాణం చేయిస్తే పగులుతుంది కూడా. కదిలించక తప్పదంటే ట్రాక్టర్ ట్రక్కులో గడ్డి పరిచి, తడి గోనెలు కప్పి తీసుకెళ్లండి. కొల్లేరులో తాటిదోనె నడిపిన చేతులకి కయాక్ కొత్తేమీ కాదు, కారు మీదికి కయాక్‌ని ఎక్కించి దోనెని నీళ్ల దగ్గరే ఉంచండి.

ప్రశ్న: రేవు దాకా క్షేమంగా చేరాం. ఏ నెలల్లో దిగాలి, ఎక్కడ దిగకూడదు? - సిద్ధాంతం

జవాబు: కారు మీద ఎంత బాగా కట్టినా నీళ్లలో దిగేది మనిషే. లైఫ్ జాకెట్ లేకుండా వద్దు. ఈత వచ్చినవాళ్లకీ ఇదే మాట. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన రోజుని మన జిల్లాలు ఎన్నటికీ మరిచిపోవు. గోదారి వరద మీద ఉన్నప్పుడు ఈత ఎంతోసేపు ఆదుకోదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా రోజూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసుకోండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. నేనైతే మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగను. నీళ్లు ఎర్రబడి, కొమ్మలు, దుంగలు కొట్టుకొస్తుంటే ఆ వారం ఇంట్లోనే. సంక్రాంతికి ముందూ వెనకా నది చల్లబడి, తేటగా, నెమ్మదిగా ఉంటుంది. ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య గాలి కూడా లేవదు. ఆ రెండు గంటల కోసమే ఇంత శ్రమా పడవచ్చు.

కాలువల సంగతి వేరు. కాటన్ దొర కాలంలో ఈ కాలువలు నీళ్లకే కాదు, పడవలకీ దారులే. లాకుల మీదుగా ధాన్యం, కొబ్బరి తిరిగేవి. ఇప్పుడు గుర్రపుడెక్క పట్టిన చోట తెడ్డు ఆడదు. లాకుల దగ్గరికి, తూముల దగ్గరికి అసలు పోకండి. నీళ్లు పైకి నిశ్చలంగా కనిపిస్తూనే అడుగున లాగేస్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనక అప్పుడు నదే గతి. నరసాపురం దగ్గర దిగితే ఆటుపోట్లు అడిగి తెలుసుకోండి. ఆటు సమయంలో నీళ్లు అంతర్వేది వైపు లాగుతుంటే తిరిగి రావడానికి రెండింతలు తెడ్డు వేయాలి. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లని అడగండి. ఆ రోజు నీటి సంగతి వాళ్లకి తెలిసినంతగా ఏ ఫోనుకీ తెలియదు.

మొదటి ప్రశ్న అడిగిన పెనుగొండ వారికి చివరగా ఒక మాట. ప్రతి ఆదివారం కారు మీదికి ఎక్కించి దింపే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. పెనుగొండ నుంచి రేవుకి ఒక్కసారి టాటా ఏస్ మాట్లాడుకుని కయాక్‌ని తీసుకెళ్లండి. గట్టు మీద తెలిసినవాళ్ల పాకలో వాసానికి రెండు వెడల్పు పట్టీలు వేసి, బోర్లా వేలాడదీసి, వాళ్లకి నెలకింతని ముట్టజెప్పండి. తెడ్డు మాత్రం ఇంటికి తెచ్చుకోండి, మీరు లేనప్పుడు రేవు పిల్లలు కయాక్‌ని నీళ్లలోకి దింపకుండా.