పొలం పాఠాలకు మైకు, కెమెరా: తక్కువ ఖర్చులో ఏది ముందు కొనాలి?



ప్రకృతి సేద్యం చేసే మనలో చాలామంది ఇప్పుడు తమ అనుభవాన్ని వీడియో తీసి పెడుతున్నారు. కొందరు జూమ్‌లో, గూగుల్ మీట్‌లో క్లాసులు కూడా చెప్తున్నారు. ‘అన్నా, ఏ కెమెరా కొనమంటావు?’ అని నన్ను అడిగేవాళ్ళే ఎక్కువ, మైకు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. నా లెక్క తిరగేసి ఉంటుంది. చేతిలో రెండు వేలుంటే ముందు మైకుకే పెట్టండి. కెమెరా మీ ఫోన్లో ఉండనే ఉంది.

ఎందుకో చెప్తాను. ఒక వీడియోలో ఒకాయన అగ్నిఅస్త్రం గురించి చెప్తున్నాడు. ఫోన్ స్టాండు మీద ఉంది, ఆయన పది అడుగుల అవతల గట్టు మీద నిలబడ్డాడు, గాలి బాగా వీస్తోంది. ఆయన చెప్పింది ‘నూరు లీటర్ల నీటికి మూడు లీటర్లు’. అది చూసిన మా పక్క ఊరి రైతు నాకు ఫోన్ చేసి ‘ఆరు లీటర్ల నీటికి మూడు లీటర్లు అంటున్నారు, అంత ఘాటుగా కొట్టాలా?’ అని అడిగాడు. అడిగాడు కాబట్టి సరిపోయింది. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు గోమూత్రంలో ఉడికించిన కషాయం అది. రెండింతల నీళ్ళే కలిపి కొడితే లేత ఆకు మాడిపోదా? బొమ్మ కాస్త మసకగా ఉన్నా రైతు సర్దుకుంటాడు. అంకె తప్పు వినపడితే నష్టం పొలంలో తేలుతుంది. నూరు, ఆరు; పన్నెండు, రెండు... గాలి మొదటి అక్షరాన్ని మింగేస్తే మన అంకెలు ఇట్టే మారిపోతాయి. (నేను నూరు అనను, వంద అంటాను. దీనికి పైసా ఖర్చు లేదు.)

మైకు విషయంలో ధర కన్నా దూరం ముఖ్యం. నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే మైకుకు చేరే మాట బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి, మోటారు, కాకుల గోల మాత్రం అంతే ఉంటాయి. పది అడుగుల దూరంలో ఉన్న ఖరీదైన మైకు కన్నా గడ్డానికి జానెడు కింద ఉన్న చవక మైకు మేలు. అసలేమీ కొనలేకపోతే, ఫోనుకు పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్లో మైకు ఉంటుంది కదా, దాన్ని చొక్కాకు పిన్నుతో గుచ్చుకుని మొదలుపెట్టండి. మా ఇంట్లో ఒక ఏడాది అదే నడిచింది.

కొనదలిస్తే మొదటిది వైరు కాలర్ మైకు. బోయా బీవై-ఎం1 లాంటివి వెయ్యి రూపాయల అటూఇటూలో దొరుకుతాయి. దీని వైరు 6 మీటర్లు, అంటే ఫోను దూరంగా పెట్టి మొక్క పక్కన నిలబడి చెప్పొచ్చు. దీని మీద ఒక స్విచ్ ఉంటుంది. ఫోనుకైతే ఒక వైపు, కెమెరాకైతే ఇంకో వైపు పెట్టాలి. కెమెరాకు వాడేటప్పుడు లోపల ఎల్ఆర్44 బటన్ సెల్ కావాలి, ఫోనుకు అక్కర్లేదు. ఏ మైకు కొన్నా పిన్ను చూడండి. మూడు నల్ల గీతలుంటే ఫోనుకు, రెండే ఉంటే కెమెరాకు. గుండ్రటి రంధ్రం లేని ఫోనైతే టైప్-సి మైకు తీసుకోవడమే సుఖం. మధ్యలో పెట్టే కన్వర్టర్లు అన్ని ఫోన్లకూ పనిచేయవు.

మైకుతో వచ్చే స్పాంజి టోపీ ఊపిరి శబ్దాన్ని ఆపుతుంది కానీ పొలం గాలిని ఆపలేదు. దానికి జూలు ఉన్న బొచ్చు కవర్ వెయ్యాలి. చిన్నదే, చవకే. గాలి గరగర మాట మీద ఒకసారి పడితే తర్వాత ఎడిటింగులో తీసేయడం మహా కష్టం, మాట కూడా పాడవుతుంది. కవర్ లేని రోజు గాలికి వీపు పెట్టి నిలబడండి.

వైర్‌లెస్ మైకులు సదుపాయమే, జీవామృతం కలుపుతూ చెప్పేటప్పుడు వైరు కాలికి తగలదు. కానీ చవక రకాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతాయి. డబ్బా మీద రాసిన దూరం ఖాళీ మైదానంలో లెక్క. మన ఒళ్ళు అడ్డం వచ్చినా, తడిసిన అరటి, మొక్కజొన్న ఆకులు అడ్డం వచ్చినా సిగ్నల్ తగ్గిపోతుంది. రిసీవర్‌కు ఎదురుగా ఉండేలా చూసుకోండి. చార్జింగ్ మరిచిపోయే మనిషికి మాత్రం వైరు మైకే మంచిది.

ఇక వెబ్‌క్యామ్. లాప్‌టాప్ ముందు కూర్చుని వారం వారం క్లాసు చెప్పేవాళ్ళకు తప్ప ఇది అక్కర్లేదని నా అభిప్రాయం. లాజిటెక్ సీ270 చవక, 720పీ ఇస్తుంది, ముఖం చూపించడానికి చాలు. అయితే దాని ఫోకస్ మారదు. పురుగు పట్టిన ఆకును దగ్గరగా చూపిద్దామంటే మసకే. సీ920 1080పీ ఇస్తుంది, ఫోకస్ తనే సర్దుకుంటుంది, ధర కూడా ఆ మేరకు ఎక్కువ. ఆ డబ్బు పెట్టేముందు పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉందేమో చూడండి. డ్రాయిడ్‌క్యామ్, ఇరియన్ లాంటి యాప్‌లతో అదే వెబ్‌క్యామ్ అవుతుంది. వెనక కెమెరా వాడితే ఆకు మీద గుడ్లు కూడా కనపడతాయి. వెబ్‌క్యామ్‌లోని మైకును మాత్రం నమ్మకండి, అది రెండు మూడడుగుల దూరంలో ఉండి గది ప్రతిధ్వని అంతా పట్టేస్తుంది. కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి, వీపు వెనక పెట్టుకోకండి.

రేకుల షెడ్డులో మాట గంగాళంలో మాట్లాడినట్టు మోగుతుంది. ధాన్యం బస్తాలు పేర్చిన గదిలో రికార్డు చేసి చూడండి, బస్తాలు మోతను పీల్చేస్తాయి. బొంతలు వేలాడదీసినా పని జరుగుతుంది.

కొత్త మైకు రాగానే, వాపసు గడువు దాటకముందే పొలంలోకి తీసుకెళ్ళండి. గాలి ఉన్న చోట నిలబడి, తల అటూఇటూ తిప్పుతూ రెండు, పన్నెండు, ఆరు, పదహారు, నూరు అని వరస మార్చి మార్చి చెప్పి రికార్డు చేయండి. దాన్ని ఇంట్లో వేరేవాళ్ళకు, ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్ స్పీకర్లోనే వినిపించి, విన్న అంకెలు కాగితం మీద రాయమనండి. మీరు చెప్పిన వరసతో సరిపోలితే మైకు ఉంచుకోండి. ఒక్కటి తప్పినా ముందు మైకు దగ్గరికి జరిపి, కవర్ వేసి మళ్ళీ చూడండి. అప్పటికీ తప్పితే వాపసు పంపేయండి.