ఇల్లు విడిచినవారు, ఇల్లిచ్చినవారు



పోయిన వానాకాలంలో ఒకరోజు మా పేట మసీదులో ఫజ్ర్ అజాన్ వినబడలేదు. కరెంటు పోయి మైకు పనిచేయలేదేమో అనుకున్నాం. మసీదుకు వెళ్లి చూస్తే తలుపులు వేసే ఉన్నాయి. బయట నిలబడ్డ నలుగురైదుగురిలో అందరికీ కోపం వచ్చింది. మేమూ విసుక్కున్నాం. ‘జీతం తీసుకుంటూ ఇంత నిద్రా?’ అని ఎవరో అంటే, కాదనలేదు.

పక్కనున్న చిన్న గది తలుపు తోస్తే తెలిసింది. ఇమాం సాబ్ రెండు రోజులుగా జ్వరంతో పడి ఉన్నారు. ముందు రాత్రి ఒక ఇంటినుంచి వచ్చిన క్యారేజీ తెరవకుండా అలాగే ఉంది. ఆయన పాతికేళ్లు నిండని యువకుడు, బీహార్ నుంచి వచ్చారు. మా పేటలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పిల్లల దగ్గర ఆయన ‘కూర్చో’, ‘మళ్ళీ చదువు’, ‘రేపు రా’ అనే మాటలు నేర్చుకుని, నోటుపుస్తకంలో ఉర్దూ అక్షరాలతో రాసుకున్నారు. ‘జ్వరం’ అనే మాట అందులో లేదు. క్యారేజీ తెచ్చిన కుర్రాడితో ‘బుఖార్’ అన్నారట. వాడికి అర్థం కాలేదు. క్యారేజీ అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

డాక్టరు వచ్చారు, మందులిచ్చారు, వారంలో ఆయన కోలుకున్నారు. అల్హమ్దులిల్లాహ్. కానీ ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆయన జీతానికి నెలనెలా చందా ఇస్తున్నాం. పూటకో ఇంటినుంచి భోజనం పంపిస్తున్నాం. ఇన్ని ఇళ్లు ఉండి, ఆయన జ్వరం తెలిసిన ఇల్లు ఒక్కటీ ఎందుకు లేకపోయింది? జవాబు వెతుకుతూ, ఇస్లాం చరిత్రలో ధర్మబోధన కోసం పరాయి ఊరికి పంపబడిన తొలి ఉపాధ్యాయుని జీవితాన్ని మళ్ళీ చదివాం. పాతికేళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాళ్లం కాబట్టి, దాన్ని ఒక పాఠంగానే మీ ముందు పెడుతున్నాం.

పంపబడినవారు

క్రీ.శ. 620లో హజ్ కాలంలో యస్రిబ్ నుంచి వచ్చిన ఆరుగురు ఖజ్రజ్ తెగవారు దైవప్రవక్త ముహమ్మద్ (స) మాట విని విశ్వసించారు. మరుసటి ఏడు 621లో పన్నెండుమంది వచ్చి అఖబా దగ్గర ప్రమాణం చేశారు. వారితోపాటు ప్రవక్త (స) ఒక ఉపాధ్యాయుణ్ణి పంపారు. ఆయనే హజ్రత్ ముస్‌అబ్ బిన్ ఉమైర్ (రజి).

ముస్‌అబ్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన కలవారి బిడ్డ. మంచి బట్టలకూ, అత్తరుకూ పేరు పడ్డ యువకుడు. రహస్యంగా అర్ఖమ్ ఇంటికి వెళ్లి ఇస్లాం స్వీకరించారు. ఆ సంగతి తెలిసి కన్నతల్లే, ఇంటివాళ్లే ఆయనను నిర్బంధించారు. తప్పించుకుని, సముద్రం దాటి హబషాకు వలస వెళ్లారు. తిరిగి వచ్చేనాటికి ఆ పాత సుఖం ఏదీ మిగల్లేదు.

మక్కా నుంచి యస్రిబ్‌కు దాదాపు 450 కిలోమీటర్లు. భాష అరబ్బీయే. ఈ రోజు పటంలో చూస్తే రెండూ ఒకే దేశంలోని నగరాలు. కానీ ఆనాడు అరేబియాలో అందరికీ కలిపి ఒక రాజ్యం లేదు, ఒక పోలీసు లేడు. మనిషికి అండ అతని తెగే. తెగను విడిచి ఇంకొక ఊరిలో ఉండటమంటే నిజంగా పరదేశంలో ఉండటమే. పైగా యస్రిబ్‌లో ఔస్, ఖజ్రజ్ తెగల మధ్య పాత పగలున్నాయి. బుఆస్ యుద్ధం జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు.

దినచర్య

ఆయన యస్రిబ్‌లో హజ్రత్ అస్‌అద్ బిన్ జురారా (రజి) ఇంట్లో దిగారు. తొలి ఏడు విశ్వసించిన ఆరుగురిలో అస్‌అద్ ఒకరు. ముస్‌అబ్ పని మూడు విధాలు. ఖుర్ఆన్ చదివి వినిపించడం, నేర్పడం మొదటిది. అందుకే ఆయనకు అక్కడ ‘ముఖ్రీ’ అంటే చదివించేవారు అనే పేరు వచ్చింది. నమాజు చేయించడం రెండవది. ఔస్ వాళ్ల వెనుక ఖజ్రజ్ వాళ్లు, ఖజ్రజ్ వాళ్ల వెనుక ఔస్ వాళ్లు నిలబడటానికి మనసు ఒప్పేది కాదు. ఇద్దరికీ పరాయివాడైన ఈ మక్కా యువకుడి వెనుక ఇద్దరూ నిలబడ్డారు. పరాయితనం కూడా ఒక్కొక్కసారి సేవకు పనికొస్తుందన్నమాట. మూడవది, పేటపేటకూ వెళ్లి మాట్లాడటం.

ఈ చదువు ఎంతవరకు పిల్లలకు చేరిందో ఒక సాక్ష్యం ఉంది. హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) అప్పటికి చిన్నవారు. మక్కా నుంచి తమ దగ్గరకు ముందుగా వచ్చినవారు ముస్‌అబ్, అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అనీ, వారే తమకు ఖుర్ఆన్ నేర్పారనీ, ప్రవక్త (స) మదీనా చేరేనాటికే తనకు ‘అల్ అఅలా’ సూరా, అలాంటి మరికొన్ని సూరాలు వచ్చేశాయనీ ఆయన తర్వాత చెప్పుకున్నారు. అప్పటికి మస్జిదె నబవీ కట్టలేదు. పాఠశాల భవనం లేదు. చదువు మాత్రం మొదలైపోయింది.

తోటలో జరిగిన సంగతి

ఒకనాడు అస్‌అద్, ముస్‌అబ్ ఇద్దరూ ఒక తోటలో బావి దగ్గర కూర్చున్నారు. చుట్టూ కొందరు కొత్త ముస్లింలు. ఔస్ నాయకులు సాద్ బిన్ ముఆజ్‌కు, ఉసైద్ బిన్ హుజైర్‌కు ఈ సంగతి తెలిసింది. అస్‌అద్ సాద్‌కు పినతల్లి కొడుకు. అందుకని తాను వెళ్లలేక, వాళ్లను వెళ్లగొట్టి రమ్మని సాద్ ఉసైద్‌ను పంపారు. ఉసైద్ బల్లెం పట్టుకుని వచ్చి, నిలబడి తిట్టడం మొదలుపెట్టారు.

ముస్‌అబ్ (రజి) ఎదురు తిట్టలేదు, వాదించలేదు. కాసేపు కూర్చుని వినమన్నారు. నచ్చితే ఒప్పుకోవచ్చు, నచ్చకపోతే తాము ఆపేస్తామన్నారు. ఇది న్యాయమైన మాటేనని ఉసైద్ బల్లెం నేలలో గుచ్చి కూర్చున్నారు. విన్నారు. మనసు మారింది. ఆయనే ఉపాయంగా సాద్‌ను పంపించారు. సాద్ కూడా అలాగే కోపంగా వచ్చి, అలాగే కూర్చుని, అలాగే విన్నారు. ఆ సాయంత్రానికి వాళ్ల తెగలో స్త్రీ పురుషులు దాదాపు అందరూ ఇస్లాంలోకి వచ్చారు.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు పాఠానికి ముందు ‘ప్రేరణ’ కలిగించాలని నేర్పారు. వినేవాడిని ముందు కూర్చోబెట్టాలి, నచ్చకపోతే లేచి వెళ్లే స్వేచ్ఛ అతనికి ఉందని తెలియజేయాలి. ఆ శిక్షణ ఏ కళాశాలా లేని కాలంలో ముస్‌అబ్ (రజి) దగ్గర కనిపిస్తుంది.

అయితే ఈ సంఘటనలో మనం చూడకుండా దాటిపోయే వ్యక్తి ఒకరున్నారు. సాద్ స్వయంగా రాకపోవడానికి కారణం ఎవరు? అస్‌అద్. వస్తున్నవాడు తన జాతికి నాయకుడని, అతని విషయంలో నిజాయితీగా మాట్లాడమని ముస్‌అబ్‌కు ముందుగా చెప్పింది ఎవరు? అస్‌అద్. ఆయన ఇచ్చింది గది, భోజనం మాత్రమే కాదు. తన బంధుత్వాన్ని, ఊరి గురించి తనకున్న తెలివిడిని, పక్కన కూర్చునే తన సమయాన్ని ఇచ్చారు.

యమన్‌లో ఇద్దరు

ప్రవక్త (స) జీవితపు చివరి కాలంలో హజ్రత్ ముఆజ్ బిన్ జబల్, హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) లను యమన్‌లోని రెండు ప్రాంతాలకు పంపారు. జనానికి తేలిక చేయమని, కష్టపెట్టవద్దని, శుభవార్తలు చెప్పమని, బెదరగొట్టవద్దని, ఇద్దరూ కలిసి ఒక మాట మీద ఉండమని చెప్పి పంపారు. జకాత్ అక్కడి కలవారినుంచి తీసుకుని అక్కడి పేదలకే పంచాలని, వాళ్ల ఆస్తిలో మేలైనవి ఏరి తీసుకోవద్దని, బాధితుని మొరకు భయపడమని ముఆజ్‌కు ప్రత్యేకంగా చెప్పారు.

వాళ్లిద్దరూ తమ ప్రాంతాల సరిహద్దు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకరినొకరు కలుసుకునేవారు. ఒకసారి మాట్లాడుకున్నది పెద్ద రాజకీయం కాదు, దినచర్య. ఖుర్ఆన్ ఎలా చదువుతున్నావని ముఆజ్ అడిగారు. నిలబడి, కూర్చుని, వాహనం మీద, కొంచెం కొంచెంగా చదువుతున్నానన్నారు అబూ మూసా. తాను రాత్రి మొదటి భాగంలో నిద్రపోయి, తర్వాత లేచి నమాజులో నిలబడతానని, తన నమాజుకు ఆశించే పుణ్యాన్నే తన నిద్రకూ ఆశిస్తానని ముఆజ్ చెప్పారు.

దీనిని మేము ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. ధర్మబోధనకు వెళ్లినవాడికి కూడా నిద్ర కావాలి. ఆ నిద్ర సోమరితనం కాదు, మరునాటి సేవకు సిద్ధపడటం. ఆయనకు మాట్లాడుకోవడానికి తనలాంటి ఇంకొక మనిషి కావాలి. బోధకుని విశ్వాసాన్ని నిలిపేవి ఇలాంటి చిన్న ఏర్పాట్లే. ఆ రోజు తలుపు బయట నిలబడి ‘ఇంత నిద్రా?’ అన్న మాటకు తల ఊపినప్పుడు మాకు ముఆజ్ (రజి) మాట గుర్తుకు రాలేదు.

ఉహుద్ తర్వాత

622 హజ్ కాలానికి ముస్‌అబ్ (రజి) మక్కాకు తిరిగి వచ్చారు. ఆ ఏడు రెండవ అఖబా ప్రమాణంలో యస్రిబ్‌వారు డెబ్బైమందికి పైగా ఉన్నారు. ఏడాది ముందు పన్నెండుమంది! హిజ్రత్‌కు దారి తెరుచుకుంది. యస్రిబ్ మదీనా అయింది. మూడేళ్లకు, 625లో ఉహుద్ యుద్ధంలో పతాకం మోస్తూ ఆయన షహీద్ అయ్యారు. కఫన్‌కు దొరికింది ఒక్కటే వస్త్రం. తల కప్పితే పాదాలు బయటపడ్డాయి, పాదాలు కప్పితే తల బయటపడింది. తల కప్పి, పాదాలమీద ఇజ్‌ఖిర్ గడ్డి వేయమన్నారు ప్రవక్త (స).

చాలా ఏళ్ల తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకరోజు ఉపవాసం ఉన్నారు. ఆయన మదీనాలో పేరున్న వ్యాపారి, పెద్ద దాత. ఇఫ్తార్‌కు ఆహారం తెచ్చి ముందు పెట్టారు. ఆయనకు ముస్‌అబ్ గుర్తుకొచ్చారు. తనకంటే మేలైన మనిషికి చాలినంత కఫన్ కూడా లేకపోయిందని, తమకేమో ప్రపంచ సంపద ఇంతగా లభించిందని, తమ మంచి పనుల ప్రతిఫలం ఇక్కడే ముందుగా ముట్టిపోతోందేమోనని భయపడి ఏడ్చారు. ఆ భోజనం ముట్టలేదు. దాతలకు ఇంతకంటే పెద్ద పాఠం మేము చెప్పలేము.

మన వంతు

మన సంస్థ దాతల సొమ్ముతో ఎక్కడెక్కడో మక్తబ్‌లు నడుస్తున్నాయి. వాటిలో బోధించేవారు తల్లిదండ్రులను, ఊరిని, తమ భాషను విడిచి వచ్చినవారు. వాళ్లకు మన పల్లె యస్రిబ్‌తో సమానం. చందా ఇవ్వడం తప్పనిసరే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ చందా అందరిదీ కావచ్చు, అస్‌అద్ మాత్రం ఎవరో ఒకరు కావాలి. అందరూ వంతులవారీగా చూస్తే ఒక్కరూ చూడనట్టే అవుతుందని ఆ జ్వరం మాకు నేర్పింది.

ఇప్పుడు మా పేటలో ఇమాం సాబ్‌కు ఒక ఇల్లు ఉంది. భోజనం వంతులు అలాగే నడుస్తున్నాయి. కానీ రోజుకొకసారి ఆయన ముఖం చూసి పలకరించే బాధ్యత ఆ ఇంటిది. ఆ ఇంటి పెద్దమ్మను ఆయన ‘అమ్మీ’ అంటారు. ఆయన నోటుపుస్తకంలోకి ‘జ్వరం’, ‘తలనొప్పి’, ‘ఆకలి’ అనే మాటలు చేరాయి. పిల్లలే రాయించారు.

పాఠం చివర ప్రశ్నలు అడగడం మా అలవాటు. ఈ నాలుగింటికి జవాబులు ఇంట్లోవాళ్లతో కలిసి ఆలోచించండి.

1. మీ మసీదు ఇమాం, మక్తబ్ ఉస్తాద్ ఊరి పేరు, తల్లిదండ్రుల క్షేమం మీకు తెలుసా?

2. ఆయన ఈ రాత్రి జబ్బుపడితే మొదట తలుపు తట్టగల ఇల్లు ఏది?

3. ఆయన ఏడాదికి ఒకసారైనా ఇంటికి వెళ్లి రావడానికి దారి ఖర్చు, సెలవు ఏర్పాటు ఉన్నాయా?

4. మన భాష ఆయనకు నేర్పేవారు ఎవరు?

చివరిగా ఒక్క మాట. అస్‌అద్ (రజి) ఉహుద్ చూడలేదు. హిజ్రత్ జరిగిన కొద్ది నెలలకే, మస్జిదె నబవీ కడుతుండగానే చనిపోయారు. కానీ ఆయనను మరవని వారున్నారు. హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) వృద్ధాప్యంలో చూపు కోల్పోయారు. కొడుకు చేయిపట్టుకుని జుమాకు తీసుకువెళ్లేవారు. జుమా అజాన్ వినబడగానే ఆయన ప్రతిసారీ అస్‌అద్ కోసం దుఆ చేసేవారు. ఎందుకని కొడుకు ఒకసారి అడిగారు. మదీనాలో తమను మొదటగా జుమాకు కూడగట్టింది ఆయనేనని, ఆనాడు తాము నలభైమందిమని ఆ తండ్రి చెప్పారు.

అజాన్ వినబడినప్పుడల్లా ఒక ముసలాయన నోట దుఆ రూపంలో నిలిచిపోవడం కంటే దాతకు ఏం కావాలి? అల్లాహ్ మన ఇళ్లను అస్‌అద్ (రజి) ఇల్లులా చేయుగాక. ఇల్లు విడిచి మన దగ్గరకు వచ్చినవారిని ఆదరించే భాగ్యం మనకు ప్రసాదించుగాక. ఆమీన్.